ముచ్చిక ఊడిన కాయ

బుల్లియ్య ముందు నడుస్తుంటే మరిడమ్మ వెనకాల నడుస్తోంది. అతని భుజాన కావిడి, కావిడికి రెండు పక్కలా తడిగోనె కప్పిన చేపల బుట్టలు. ఆమె నెత్తిమీద రొయ్యల తట్ట. ఆశ్వయుజం చివరి రోజులు. రాత్రంతా సముద్రం మీంచి వీచిన గాలి తెల్లవారేసరికి పడిపోయింది. కొబ్బరితోటలో మట్ట కదలడం లేదు. రేవులో పాలకొల్లు పడవ కట్టు విప్పేలోగా చేరుకోవాలని ఇద్దరూ పెద్ద పెద్ద అంగలు వేస్తున్నారు.

"గట్టుమీంచి పోతే ఈపాటికి రేవులో ఉందుం," అన్నాడు బుల్లియ్య వెనక్కి తిరక్కుండానే. "ఈ శెట్టిగారు కంప ఎప్పుడు తీయిస్తారో ఏంటో."

"మనం అడిగితే తీయిస్తారా? నువ్వు నడు."

ఇదివరకు కాలువగట్టు మీదే బాట ఉండేది. మొన్న వేసవిలో రాజమౌళి శెట్టి గట్టు పొడుగునా తుమ్మకంప కొట్టించి, లోపల కాయలు ఒలిచిన కొబ్బరి డొక్క పోగులు పెట్టించాడు. అప్పటినుంచి పేటలోని పల్లెకారులంతా ఆయన తోటలోంచి, ముసలి చెట్ల కిందనుంచే రేవుకి పోతున్నారు. ఆ చెట్ల కాయలు దింపించి చాలా కాలమైంది. కార్తీకమాసంలో పాలకొల్లు గుడికి జనం వస్తారు, అప్పుడు కాయకి గిరాకీ ఉంటుందని శెట్టి కాపంతా చెట్టుమీదే ఉంచాడు. గెలలు బరువుకి కిందికి వాలి వేళ్ళాడుతున్నాయి.

పైన ఎక్కడో గుడ్డ చిరిగినట్టు చిన్న చప్పుడైంది. మరిడమ్మ విన్నదిగాని, నెత్తిమీద తట్ట ఉండటంతో తల ఎత్తలేదు. ఆ వెంటనే వచ్చిన చప్పుడు మాత్రం ఆమె ఎన్నడూ ఎరగనిది. పచ్చి దుంగమీద గొడ్డలి తిరగేసి కొట్టినట్టుంది. నడుస్తున్న బుల్లియ్య ఉన్నచోటనే కూర్చున్నాడు, అలిసిపోయినవాడు కూర్చున్నట్టు. కావిడి పక్కకి ఒరిగింది. కాయ ఒకటి ఇసకలో ఎగిరిపడి, దొర్లి, పక్క చెట్టు మొదట్లో ఆగింది.

"ఏంటయ్యా? ఏమైందయ్యా?"

తట్ట ఎలా దించిందో ఆమెకే తెలియదు. ముందుకొచ్చి అతని మొహం చూసింది. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. ఎడమచెవిలోంచి సన్నగా నెత్తురు మెడమీదికి దిగుతోంది.

"చేపలు," అన్నాడు బుల్లియ్య. కాసేపాగి, "చేపలు... ఎండ..." అన్నాడు. ఆ తర్వాత పెదవులు కదిలాయిగాని మాట రాలేదు.

తోట చివర పాకముందు కూర్చుని కాళ్ళబంధం పేనుకుంటున్న లోవరాజు పరిగెత్తుకొచ్చాడు. శెట్టిగారి చెట్లు దింపేది అతనే. వస్తూనే బుల్లియ్యని కాదు, చెట్టుని చూశాడు.

"కాయ ముదిరి ముచ్చిక ఊడిపోయింది," అన్నాడు తనలో తను అనుకుంటున్నట్టు.

కావిడిబద్దకి గోనెలు ఉయ్యాలలా కట్టి, అందులో బుల్లియ్యని పడుకోబెట్టి పేటకి మోసుకెళ్ళారు. ఎవరో ఆకుపసరు తెచ్చి చెవిలో పిండారు. ఇంకెవరో తలకి తడిగుడ్డ కట్టారు. తల్లి సూరమ్మ కొడుకు పాదాలు ఒళ్ళో పెట్టుకుని, అరికాళ్ళు రుద్దుతూ కూర్చుంది. పాదాలు ఎంత రుద్దినా చల్లగానే ఉన్నాయి. దీపాలు పెట్టేవేళకి ఊపిరి ఆగింది. సూరమ్మ మాత్రం ఇంకా రుద్దుతూనే ఉంది. మరిడమ్మ వెళ్ళి ఆవిడ చేతులు పట్టుకుని ఆపాల్సి వచ్చింది.

తెల్లవారి కులపెద్ద గంగయ్య వచ్చాడు. చాపమీద కూర్చోకుండా గుమ్మంలోనే గొంతుక్కూర్చున్నాడు.

"ఇప్పుడే ఎత్తకండి. దెబ్బతగిలి పోయిన మనిషి కదా, మునసబుగారు వచ్చి చూసి రాసుకున్నాకే ఎత్తాలంట," అన్నాడు. తర్వాత చాలాసేపు చేతిలో పుల్లతో నేల గీశాడు. "మరిడీ, శెట్టిగారు ఒక మాట చెప్పమన్నారు."

"ఏంటి మావా?"

"కాయ పడితే బొప్పి కడుతుందిగాని తల పగలదు అంటున్నారు ఆయన. చెట్టెక్కి ఉంటాడు, కాయతోపాటు తనూ జారి పడుంటాడు అంటున్నారు. నువ్వు కాదనకుండా ఊరుకుంటే దినాలకి కావలసిన బియ్యం, పప్పు తనే పంపుతారంట."

"కాయలు దొంగిలించడానికి ఎక్కాడనా?"

"దొంగతనం అని ఎవరన్నారే? దాహమేసి ఎక్కాడు అనుకుంటారు."

"భుజాన కావిడేసుకుని ఎక్కాడా మావా? నేను వెనకాలే ఉన్నాను. నా కళ్ళముందు జరిగింది."

గంగయ్య పుల్ల విరిచి పారేశాడు. మూలనుంచి సూరమ్మ అంది: "వాడికి చెట్టెక్కడం రాదు గంగయ్యా. నీళ్ళలో పెరిగినోడు. చిన్నప్పుడు జాంచెట్టెక్కి దిగలేక ఏడిస్తే నేనే దింపాను."

"నాకు తెలీదా వదినా," అన్నాడు గంగయ్య. "అయినా మనం రోజూ నడిచేది ఆయన తోటలోంచే కదా."

మునసబు జగన్నాథరావు పొద్దెక్కాక వచ్చాడు. చెడ్డవాడని ఆయనకి పేరు లేదు. శవం దగ్గర చెప్పులు విప్పి నిలబడ్డాడు, తలకట్టు విప్పించి దెబ్బ చూశాడు, సూరమ్మని "ఊరుకో అమ్మా" అన్నాడు. అక్కణ్ణించి అందరూ తోటలోకి నడిచారు. రేవులోంచి లావుపాటి పడవచెక్క ఒకటి తెప్పించి, ఇటుకలమీద పెట్టి బల్లలా చేశారు. చెట్లనీడలో ఆ చెక్కమీద మునసబు, ఆయన పక్కన ఊరి పెద్దలు కూర్చున్నారు. రాజమౌళి శెట్టి ఉత్తరీయం సర్దుకుంటూ పక్కనే నిలబడ్డాడు. పల్లెకారులు దూరంగా నిలబడ్డారు.

"నువ్వేం చూశావో చెప్పు," అన్నాడు మునసబు మరిడమ్మతో.

ఆమె చెప్పింది. కావిడి, తట్ట, చప్పుడు, ఆయన కూర్చోవడం. చెప్పిందే రెండోసారి చెప్పించారు. చివరికి మునసబు లోవరాజు వైపు తిరిగాడు.

"నువ్వు చూశావురా?"

"నేను పాక దగ్గరున్నానండి. పడటం చూళ్ళేదండి."

"కాయలు రాలే స్థితిలో ఉన్నాయా?"

లోవరాజు శెట్టిగారి కాళ్ళవైపు చూశాడు. "చెప్పలేనండి."

"ముచ్చిక ఊడిపోయింది అన్నావు కదా అన్నా నువ్వు," అంది మరిడమ్మ.

లోవరాజు తల వంచుకుని, చేతిలో ఉన్న బంధం ముడి విప్పి మళ్ళీ వేశాడు.

రాజమౌళి శెట్టి ముందుకొచ్చాడు. కిందపడి ఉన్న కాయ ఒకటి తీసుకుని, మునసబుగారి పక్కన చెక్క ఖాళీగా ఉన్నచోట చేతిలోంచి వదిలాడు. కాయ ధన్‌మని పడి, ఒకసారి ఎగిరి, ఇసకలో దొర్లింది.

"చూశారు కదండీ. దీనికి మనిషి చస్తాడా? చుట్టూ పీచుంటుంది, మెత్తగా ఉంటుంది. చెట్టుమీంచి పడింది కాయ కాదండి, మనిషి. నాకు ఎవరిమీదా కోపం లేదండి. పోయినవాణ్ణి నేనేమీ అనను. కానీ నా చెట్టు మనిషిని చంపిందంటే మాత్రం ఒప్పుకోనండి."

పెద్దలు తలలు ఊపారు. మునసబు కూడా ఆ కాయ కేసే చూస్తున్నాడు.

మరిడమ్మ అంది: "తమరి చేతిలోంచి పడలేదండి అది. చెట్టంత ఎత్తునుంచి పడింది. అక్కణ్ణించి ఒకటి వదిలించండి బాబూ. ఆ చెక్కమీదే వదిలించండి."

"ఇదేం గొడవ?" అన్నాడు శెట్టి.

మునసబుకి మాత్రం అది నచ్చినట్టుంది. లేచి నిలబడ్డాడు. "వదిలించండి. ఖర్చేముంది? ఒరేయ్ లోవరాజూ, ఎక్కు."

లోవరాజు కాళ్ళకి బంధం తగిలించుకుని ఎక్కాడు. మట్టల్లోకి దూరి కనబడకుండా పోయాడు. అందరూ చెక్క దగ్గరనుంచి వెనక్కి జరిగారు. మొదటి కాయ చెక్క పక్కన ఇసకలో పడింది. అది పడిన చప్పుడు పాదాల కిందికి పాకింది. లోవరాజు పైనుంచి "తప్పిందండి" అని అరిచాడు. పెద్దల్లో ఒకాయన వెళ్ళి కాయ తీసి చూస్తే, దాని కింద మణికట్టు దాకా చెయ్యి పట్టేంత గుంట పడి ఉంది. ఆయన ఆ గుంటలో చెయ్యి పెట్టి చూసి, గబగబా వెనక్కొచ్చాడు.

రెండో కాయ చెక్క నడిమధ్యన పడింది.

పడవకి వేసే చెక్క. నీళ్ళనీ రాళ్ళనీ ఏళ్ళతరబడి ఓర్చుకున్న చెక్క. నిలువునా చీలి, రెండు ముక్కలూ ఇటుకల మీంచి పైకి లేచి పడ్డాయి. కాయకి మాత్రం ఏమీ కాలేదు. పీచుమీద చిన్న నొక్కు పడింది, అంతే. అది మెల్లిగా దొర్లుకుంటూ వచ్చి మరిడమ్మ కాళ్ళముందు ఆగింది.

మరిడమ్మ ఆ చెక్కని చూడలేకపోయింది. తను అడిగిందే జరిగింది. ఆయన తలకి ఏమైందో ఇప్పుడు ఆమెకి చెవులతో కూడా తెలిసింది.

"సరే," అన్నాడు మునసబు చివరికి. "చెట్టెక్కడం, జారిపడటం, ఇవేవీ లేవు. కాయే పడింది. దొంగతనం అన్నమాట ఎవరూ అనకూడదు."

మరిడమ్మ కళ్ళు మూసుకుని ఊపిరి వదిలింది. చేతులు జోడించింది.

చెక్క విరిగిపోయింది కాబట్టి మునసబు కూర్చోవడానికి శెట్టిగారి పాకలోంచి నులకమంచం తెచ్చారు. తెచ్చినవాళ్ళు దాన్ని పాతచోట వెయ్యబోతే, "ఇక్కడొద్దు, అటు, అటు" అన్నాడు శెట్టి. మంచం చెట్లు దాటించి, గట్టు దగ్గర ఎండలో వేశారు. మునసబు గొడుగు విప్పుకుని అక్కడ కూర్చున్నాడు. పెద్దలంతా ఎండలో, కళ్ళు చికిలించుకుని, ఆయన చుట్టూ చేరారు. నీడంతా ఖాళీగా ఉండిపోయింది.

"తోట శెట్టిగారిది. కాయ దానంతటదే రాలింది. ఇందులో ఆయన తప్పేముంది?" అన్నాడు మునసబు.

"గట్టుమీద బాట మూశారండి. వేసవినుంచి కాయ దింపలేదండి."

"బాట మూస్తే వేరే దారి చూసుకోవాలి. నా తోటలో నడవండి అని ఆయన పిలిచాడా?" మునసబు గొంతు కటువుగా లేదు, పిల్లకి నచ్చజెప్తున్నట్టే ఉంది. "ఇంకో మాట చెప్తాను విను. ఇంతమంది రోజూ ఈ చెట్లకింద నడుస్తున్నారు. ఎవరిమీదా పడలేదు. నువ్వు వెనకాలే ఉన్నావు, నీ మీదా పడలేదు. వాడిమీదే ఎందుకు పడింది? కొబ్బరికాయ దేవుడికిచ్చే వస్తువు. అది చూసుకునే పడుతుంది. పాపం లేనివాడి మీద కాయ పడిందని నేను వినలేదు, మా తాతగారు కూడా విని ఉండరు. వాడు ఎప్పుడు ఏం చేసుకున్నాడో వాడికే తెలియాలి. మనుషులం మనం ఏం చెయ్యగలం?"

"నేనూ అదే చెప్పబోతున్నానండి," అన్నాడు రాజమౌళి శెట్టి.

పెద్దలు తలలు ఊపారు. మరిడమ్మ తనవాళ్ళవైపు తిరిగి చూసింది. గంగయ్య కూడా తల ఊపుతున్నాడు. అతని వెనక మిగతావాళ్ళూ ఊపుతున్నారు. వాళ్ళమీద ఆమెకి కోపం రాలేదు. రేపు పొద్దున్న కావిళ్ళెత్తుకుని అదే బాటన నడవాల్సినవాళ్ళు. ఆ మాట నమ్మితేగాని వాళ్ళకి కాళ్ళు కదలవు.

ఆ సాయంత్రమే బుల్లియ్యని సాగనంపారు. మోయడానికి నలుగురు దొరికారుగాని, మోసినవాళ్ళు కాలవలో మునిగి తిన్నగా ఎవరి ఇళ్ళకి వాళ్ళు పోయారు. పేటలో ఎవరింట్లో చావు జరిగినా చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు అన్నం వండి తెచ్చి, బతిమాలి తినిపిస్తారు. ఈ ఇంటికి ఎవరూ రాలేదు. మర్నాడు గంగయ్య వచ్చి, ఈసారి గుమ్మానికి ఇంకా దూరంగా నిలబడి, దినంనాడు కులమంతా భోజనానికి రావాలంటే ముందు పోయినవాడి పాపమేంటో చెప్పి ప్రాయశ్చిత్తం చేయించాలని చెప్పాడు.

"ఏం పాపమని చెప్పను మావా?"

"ఏదో ఒకటి ఉంటుంది కదే. పాపం లేని మనిషెవరు? ఆలోచించుకోండి," అని వెళ్ళిపోయాడు.

సూరమ్మ అప్పటికే ఆలోచిస్తోంది. గోడకి ఆనుకుని కూర్చుని, మోకాళ్ళమీద చేతులేసుకుని, ఉన్నట్టుండి అడిగేది.

"ఏమే మరిడీ, చిన్నప్పుడు వాడు పిచ్చుకగూడు పడగొట్టాడు. కళ్ళు తెరవని పిల్లలు చచ్చిపోయాయి. అదంటావా?"

"ఏంటత్తా ఆ మాటలు? గంజి తాగు."

కాసేపటికి మళ్ళీ: "పోయిన ఏడు అమ్మవారి జాతరకి వెళ్ళకుండా వలకి పోయాడు. నేను చెప్పాను, వినలేదు. అదే అయ్యుంటుంది."

గంజి ముంత ఆవిడ పక్కనే చల్లారిపోయింది. మధ్యాహ్నం అంతా ఏమీ మాట్లాడకుండా ఉన్న ముసలావిడ, పొద్దువాలుతుండగా చాలా నెమ్మదిగా, ఎవరో వింటున్నట్టు గొంతు తగ్గించి అంది: "వాడిది కాదే. నాది. వాడు చంటిపిల్లాడప్పుడు కరువొచ్చింది. నాకు పాలు లేవు. పక్కింటివాళ్ళ మేకని చీకట్లో పిండి వాడికి పట్టాను. ఆ మేకపిల్ల చచ్చిపోయింది. దొంగతనం చేసింది నేనే. కానీ పాలు తాగింది వాడు కదా."

మరిడమ్మ లేచి బయటికొచ్చేసింది. గోడకి ఆరేసిన వలని ఊరికే చేత్తో తడుముతూ నిలబడింది. ఒక్కోచోట కన్నాలు. బుల్లియ్య ఆదివారం కుడతానన్నాడు. అతను చేసిన తప్పులు ఆమెకి ఎన్నో తెలుసు. మెత్తబడిన చేపకి మొప్పల్లో ఎర్రరంగు పూసి తాజా చేప అని అమ్మేశాడు ఒకసారి. వరసకి అన్న అయ్యేవాణ్ణి తాగిన మైకంలో కొట్టాడు. తనని కూడా ఒకసారి... అక్కడిదాకా వచ్చి ఆమె ఉలిక్కిపడింది. తనూ వెతుకుతోంది. ముసలావిడలాగే, గంగయ్యలాగే, మొగుడి బతుకంతా తవ్వి ఆ కాయకి సరిపోయే తప్పు కోసం వెతుకుతోంది.

వలని గోడమీంచి లాగి చుట్ట చుట్టింది.

తెల్లవారితే కార్తీకం మొదలు. పొద్దున్నే రేవులో పెద్దపడవ వచ్చి ఆగింది. తోటలో దింపు మొదలవబోతోంది. లోవరాజు, అతని మనుషులు కాళ్ళకి బంధాలు తగిలించుకుంటున్నారు. కూలీలు బుట్టలు పట్టుకుని దూరంగా నిలబడ్డారు. పాలకొల్లు పోయే పల్లెకారుల్ని శెట్టిగారి మనిషి ఒకడు తోట మొదట్లోనే ఆపేశాడు. "ఆగండి, ఆగండి, దింపు అయ్యేదాకా ఎవరూ లోపలికి రాకూడదు. నెత్తిమీద పడితే మాకు సంబంధం లేదు," అని అరుస్తున్నాడు.

దినాలు కాకుండా మొగుడు పోయిన ఆడది గడప దాటకూడదు. మరిడమ్మ దాటింది. పేటలోంచి నడిచి, కావిళ్ళు దించుకుని నిలబడ్డవాళ్ళని తప్పించుకుని, ఆపుతున్న మనిషి పక్కనుంచి తోటలోకి వెళ్ళింది. మైలలో ఉన్న మనిషని గుర్తుపట్టి అతను తనంతట తనే పక్కకి జరిగాడు. బుల్లియ్య ఎక్కడ కూర్చున్నాడో అక్కడికి వెళ్ళి, అదే బాట నడిమధ్యన కూర్చుంది. వల ఒళ్ళో పరుచుకుని, కన్నం ఒకటి వెతుక్కుని, దారం ముడివేసింది.

లోవరాజు అప్పటికే పైకెక్కి ఉన్నాడు. మట్టల్లోంచి తల బయటపెట్టి చూశాడు.

"మరిడమ్మా! లే. లేచి అవతలకి పో."

"నీ పని నువ్వు చేసుకో అన్నా. నేనేం పాపం చెయ్యలేదు. నా మీద పడదు."

"లే తల్లీ. నీకు దణ్ణం పెడతాను."

ఆమె తల ఎత్తలేదు. వేళ్ళు దారాన్ని లోపలికి, బయటికి తీసుకుపోతున్నాయి. పైన చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత లోవరాజు కిందికి దిగాడు. అతన్ని చూసి మిగతా చెట్లమీదవాళ్ళు కూడా దిగారు.

కబురందుకుని రాజమౌళి శెట్టి వచ్చాడు. స్నానం చేసి, విభూతి పెట్టుకుని ఉన్నాడు. చెట్లవరస మొదలయ్యేచోట, ఎండలో ఆగాడు.

"ఎందుకు దిగార్రా అందరూ?"

"మనిషుందండి కింద," అన్నాడు లోవరాజు.

"ఉంటే లాగి అవతల పడెయ్యండి!"

ఎవరూ కదల్లేదు. మైలలో ఉన్న ఆడదాన్ని, అందులో నిన్నగాక మొన్న మొగుడు పోయినదాన్ని ముట్టుకోవడానికి ఎవరికీ చేతులు రాలేదు. రేవులోంచి పడవ సరంగు కేకేశాడు, కాలవ లాకు తలుపులు మూసేలోగా కదలాలని. శెట్టి మొహం ఎర్రబడింది.

"లోవరాజూ, నువ్వు ఎక్కరా. ఎక్కి దింపు. పడితే పూచీ నాది."

"నేను దింపలేనండి."

"ఎందుకురా?"

"పడుతుందండి."

"ఎవరిమీద పడుతుంది?"

లోవరాజు వంగి కాళ్ళబంధం తీసేశాడు. "ఎవరుంటే వాళ్ళమీదండి," అన్నాడు.

తోట మొదట్లో నిలబడ్డ పల్లెకారులు ఆ మాట విన్నారు. గంగయ్య మెల్లిగా పైపంచె భుజంమీంచి తీసి చేత్తో పట్టుకున్నాడు.

శెట్టి గొంతు మార్చాడు. "ఏమ్మా మరిడమ్మా, నీకేం కావాలో అడుగు. నీకు జరిగింది నాకు మాత్రం బాధ కాదా? అడుగమ్మా."

"అంత దూరంనుంచి వినబడటం లేదు బాబూ. ఇక్కడికొచ్చి చెప్పండి."

"వినబడుతూనే ఉంది కదా."

"రండి బాబూ. తమరు ధర్మాత్ములు. గుడికి కాయలు పంపే చెయ్యి తమరిది. తమరిమీద అది పడదు కదండీ." ఆమె మొదటిసారి వలమీంచి తల ఎత్తి ఆయన్ని చూసింది. "మీరొచ్చి నా పక్కన నిలబడి, మా ఆయన పాపాత్ముడని చెప్పండి. లేచిపోతాను."

రేవులో నీళ్ళు పడవకి కొట్టుకునే చప్పుడు వినబడుతోంది. రాజమౌళి శెట్టి ఉత్తరీయం భుజాన వేసుకున్నాడు. అందరూ తననే చూస్తున్నారని తెలిసి, ఒక అడుగు వేశాడు. చెప్పు నీడలో పడింది.

అప్పుడు పైకి చూశాడు.

చూడాలనుకుని చూసినది కాదు. మెడ దానంతటదే తిరిగింది. గెలని చూశాడు, పక్క గెలని చూశాడు, మళ్ళీ మొదటి గెలని చూశాడు. తల దించేసరికి ఎదురుగా మరిడమ్మ, ఆమె వెనకాల దూరంగా పేటవాళ్ళంతా, ఇటు కూలీలు, లోవరాజు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఆయన తిట్టి ఉండేవాడు. నీడలో పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాడు.

"కంప తీసెయ్యండ్రా గట్టుమీద," అన్నాడు ఎవరి మొహమూ చూడకుండా. "డొక్క ఇటు లాగండి. బాట వదలండి వాళ్ళకి."

కంప కొట్టి, లాగి, కాలవలోకి తోసేదాకా మరిడమ్మ అక్కడే కూర్చుని వల కుట్టింది. బాట తెరుచుకున్నాక పల్లెకారులు కావిళ్ళెత్తుకుని గట్టుమీంచి రేవుకి నడిచారు. ఆమె పక్కనుంచి ఎవరూ రాలేదు. ఆమెతో ఎవరూ మాట్లాడలేదు. గంగయ్య ఒక్కడే గట్టుమీద ఆగి, తోటలోకి చూసి, ఏదో అనబోయి, మానేసి ముందుకు నడిచాడు. ప్రాయశ్చిత్తం అక్కర్లేదన్న మాట అతని నోట రాలేదు. తర్వాత కూడా రాలేదు.

మరిడమ్మ వల చుట్టుకుని లేచింది. ఆమె తోట దాటగానే లోవరాజు చెట్టెక్కాడు.

ఇంట్లో సూరమ్మ అలాగే గోడకానుకుని ఉంది. తోటలోకి పోతున్నానని పొద్దున మరిడమ్మ ఆవిడకి చెప్పే వెళ్ళింది. కోడలు వచ్చి ఎదురుగా కూర్చుంటే ఆశగా చూసింది.

"శెట్టిగారు వచ్చారా?"

"వచ్చారు."

"మావాడు పాపాత్ముడు కాదని అన్నారా?"

"అనలేదత్తా."

"మరేమన్నారు?"

"ఏమీ అనలేదు. చెట్టుకిందికి రమ్మన్నాను. ఒక అడుగేసి పైకి చూశారు."

సూరమ్మకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "పైకి చూశారా?"

"చూశారు."

"తనమీద పడుతుందనా?"

"ఆ."

ముసలావిడ చేతులు మోకాళ్ళమీంచి జారి నేలమీద పడ్డాయి. "అయితే ఆయనకి తెలుసన్నమాట," అంది. "తెలిసే అన్నాడన్నమాట." కాసేపు నోరు తెరుచుకుని అలాగే చూసి, "నాయనా బుల్లీ," అని పెద్దగా ఏడవడం మొదలుపెట్టింది.

తోటలో కాయలు దించుతున్నారు. ఆ చప్పుడు పేటదాకా వినబడుతోంది. ఒక్కో కాయ నేలకి తగిలినప్పుడల్లా సూరమ్మ భుజాలు అదిరిపడుతున్నాయి. మరిడమ్మ దగ్గరికి జరిగి, తన అరచేతులతో ఆవిడ రెండు చెవులూ గట్టిగా మూసింది. తన చెవులు మూయడానికి ఆమెకి ఎవరూ లేరు.